పలకవంటి కంప్యూటరు



పాఠము ప్రారంభించుటకు ముందు నా పొరపాటు నొకదానిని మీ యెదుట ఒప్పుకొనవలసి యున్నది. కొంతకాలము క్రిందట ఒక సాయంకాలమున, పదవ తరగతి పిల్లల వివరముల పట్టికను అచ్చు తీయించుటకై ఒక ఇంటర్నెట్ దుకాణమునకు వెళ్ళితిని. అచటి కంప్యూటరులో నా ఈ-మెయిలు తెఱచి, పట్టికను దింపి, ప్రతులు తీయించుకొని, డబ్బు చెల్లించి ఇల్లు చేరితిని. రాత్రి భోజనమునకు కూర్చుండబోవునప్పుడు ఎవరో ఒక అపరిచితుడు ఫోను చేసి కన్నడమున మర్యాదగా మాటలాడెను. "మేష్ట్రే, మీ మెయిలు ఇచట తెఱచియే యున్నది. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, తండ్రుల ఫోను నంబర్లు అన్నియు నాకు కనబడుచున్నవి. నేను మూసివేయుచున్నాను. మీరు వెంటనే పాస్‌వర్డు మార్చుకొనుడు" అని చెప్పి, తన పేరైనను చెప్పక ఫోను పెట్టివేసెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మఱునాడు ఉదయమే దుకాణమునకు పోయి యజమాని అనుమతితో ఆ కంప్యూటరును చూచితిని. నేను దింపిన పట్టిక అచటనే యున్నది. దాని ప్రక్కన ఎవరెవరివో ఆధారు కార్డులు, కుల ధ్రువపత్రములు, బ్యాంకు పాసుపుస్తకముల మొదటి పుటలు, ఒక స్త్రీ యొక్క వైద్యపరీక్షా ఫలితము సైతము ఉన్నవి. యజమాని చెడ్డవాడు కాడు. దినమునకు ఎందఱో వచ్చి పోవు చోట ఎవరి కాగితము లెవరు తీసివేయుదురు? యంత్రము తనకిచ్చిన దానిని దాచిపెట్టుకొనుచుండును. అది దాని స్వభావము. అప్పుడు నాకొక ప్రశ్న కలిగినది. పని ముగియగానే సర్వము మఱచిపోవు కంప్యూటరు ఉండదా? ఉన్నదని తెలిసికొంటిని. ఆ విషయమే నేటి పాఠము.

ఈ పాఠము మనవారికి మఱింత అవసరమని నా తలంపు. మన పిల్లలలో పలువురి కాగితములు కొన్ని ఆంధ్రదేశమునను, కొన్ని ఇచటను పుట్టినవి. ప్రవేశ పరీక్షకో, విద్యార్థివేతనమునకో దరఖాస్తు పెట్టవలసి వచ్చినపుడెల్ల వాటినన్నిటిని మోసికొని దుకాణమునకు పోవలసి యుండును. దరఖాస్తు కన్నడములోనో ఆంగ్లములోనో యుండును. అది చదువలేని తల్లి తన ఫోనునే దుకాణములోని కుఱ్ఱవాని చేతికిచ్చి, వచ్చిన ఓటీపీని కూడ అతనినే చూచుకొమ్మని చెప్పుట నేను పలుమార్లు చూచితిని. భాష రాకపోవుట ఆమె తప్పు కాదు. కాని ఆ పది నిమిషములలో ఆమె కుటుంబ వివరము లన్నియు పరుల పరమగుచున్నవి.

చెఱిపినది చెఱిగినదా?

2022 మే 27వ తేదీన ఆధారు సంస్థవారి బెంగళూరు ప్రాంతీయ కార్యాలయము ఒక ప్రకటన వెలువరించెను. ఆధారు నకళ్ళను ఆలోచింపక అందఱికి ఇయ్యవలదనియు, కడపటి నాలుగంకెలు మాత్రమే కనబడు ప్రతిని వాడుకొనుట మేలనియు, ఇంటర్నెట్ దుకాణములలోని కంప్యూటర్లపై ఈ-ఆధారును దింపుకొనవలదనియు, ఒకవేళ దింపుకొన్నచో ఆ ప్రతులన్నిటిని శాశ్వతముగా తొలగింపవలె ననియు అందు చెప్పబడెను. దీనిపై దేశమంతట కలవరము బయలుదేరెను. రెండు దినములకే, మే 29న, కేంద్ర ప్రభుత్వము ఆ ప్రకటన అపార్థమునకు తావిచ్చునని చెప్పి దానిని ఉపసంహరించుకొనెను. ఆధారు విషయమున సాధారణమైన జాగ్రత్త వహించిన చాలునని తెలిపెను.

ప్రకటన పోయినది గాని, అది లేవదీసిన ప్రశ్న పోలేదు. "శాశ్వతముగా తొలగించుట" అనగా నేమి?

మన పాఠశాల గ్రంథాలయమును తలచుకొనుడు. పుస్తకముల జాబితాలో ఒక పేరును కొట్టివేసినంతమాత్రమున ఆ పుస్తకము బీరువానుండి మాయము కాదు. ఆ స్థలమున మఱియొక పుస్తకము పెట్టువఱకు అది అచటనే యుండును. కంప్యూటరులో ఫైలును తీసివేయుటయు సామాన్యముగా నిట్టిదే. మొదట అది చెత్తబుట్టకు చేరును. చెత్తబుట్టను ఖాళీ చేసినను జాబితాలోని పేరు పోవునే గాని, డిస్కుపైనున్న అక్షరములు, వాటిపై మఱియొకటి వ్రాయబడువఱకు, పెక్కుసార్లు నిలిచియే యుండును. తగిన ఉపకరణముగలవాడు వాటిని తిరిగి చదువగలడు. నేటి కొత్తరకపు డిస్కులు కొన్ని తమంతట తాము శుభ్రపఱచుకొనును గాని, అది ఎప్పుడు జరిగెనో వాడువానికి తెలియదు.

ఇదిగాక బ్రౌజరు తాను చూచిన పుటల చిట్టా నుంచుకొనును. అచ్చుయంత్రమునకు పంపిన కాగితము యొక్క నకలు కొంతసేపు నిలువవచ్చును. మెమరీ చాలనపుడు కంప్యూటరు దానిలోని కొంత భాగమును డిస్కుపైకి తరలించి వ్రాసికొనును. ఇవి యన్నియు మనము చేయమనకయే జరుగుచుండును. కావున "నేను తీసివేసితిని గదా" యనుకొని నిశ్చింతగా నుండుట పొరపాటు.

పలకయు, నోటుపుస్తకమును

కంప్యూటరునకు రెండు విధములైన జ్ఞాపకములు కలవు. మొదటిది ర్యామ్ అనబడు తాత్కాలిక మెమరీ. రెండవది హార్డుడిస్కు మొదలగు శాశ్వత నిల్వ. మొదటిది పలక, రెండవది సిరాతో వ్రాసిన నోటుపుస్తకము. లెక్క చేయునప్పుడు పలకపై వ్రాయుదుము, తుడిచివేయుదుము. దాచుకొనవలసిన దానిని పుస్తకములో నెక్కింతుము. అట్లే కంప్యూటరు లెక్కలన్నియు తాత్కాలిక మెమరీలో చేయును. దాచవలసినవి డిస్కుపై వ్రాయును. విద్యుచ్ఛక్తి ఆగిపోయినచో మొదటిదానిలోని విషయములు నశించును, రెండవదానిలోనివి నిలుచును.

అయితే నోటుపుస్తకమును తాకనే తాకక, కేవలము పలకతోనే పని ముగించినచో? పని కాగానే తుడిచివేసినచో? అదియే మనము వెదకుచున్న కంప్యూటరు.

కంప్యూటరును నడపు మూల ప్రోగ్రామునకు ఆపరేటింగ్ సిస్టము అని పేరు. సామాన్యముగా నది డిస్కుపై నాటుకొనియుండును. డిస్కుతో పనిలేక, సీడీ నుండియో పెన్‌డ్రైవు నుండియో నేరుగా లేచి నడచుదానిని లైవ్ సిస్టము అందురు. జర్మనీ దేశీయుడగు క్లాస్ నోపర్ 2000వ సంవత్సరమున వెలువరించిన నాపిక్స్ అను సిస్టము ఈ విధానమును లోకమున మిక్కిలి ప్రచారములోనికి తెచ్చెను. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్సును, 1993లో ఇయాన్ మర్డాక్ స్థాపించిన డెబియన్ కూర్పును దీనికి మూలములు.

టెయిల్స్ అను సిస్టము

ఇట్టివానిలో మఱచిపోవుటయే ముఖ్యధర్మముగా నిర్మింపబడినది టెయిల్స్. దాని మొదటి కూర్పు 2009 జూన్‌లో వెలువడెను. అప్పటి పేరు అమ్నీసియా, అనగా మఱపు. తరువాత ఇన్‌కాగ్నిటో అను మఱియొక ప్రయత్నముతో నది కలిసెను. "ద అమ్నీసిక్ ఇన్‌కాగ్నిటో లైవ్ సిస్టమ్" అను మాటల మొదటి అక్షరములు కూడి టెయిల్స్ అను పేరైనది. స్మృతి నిలుపుకొననిది, తన గుఱుతు తెలియనీయనిది, నేరుగా నడచునది అని దాని యర్థము. ఇది ఉచితము, దీని మూలరచనను ఎవరైనను చదివి పరీక్షింపవచ్చును. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ అమెరికా ప్రభుత్వపు రహస్య నిఘాను బయలుపఱచినపుడు, ఆ వార్తలను వ్రాసిన పాత్రికేయులు దీనిని వాడిరి. 2024 సెప్టెంబరున ఇది టోర్ ప్రాజెక్టు అను సంస్థలో విలీనమైనది.

వాడు విధము కష్టమైనది కాదు. కనీసము 8 జీబీల పెన్‌డ్రైవు కావలెను. దానిలో పూర్వమున్న వన్నియు పోవును గనుక ముందే వేఱొక చోట భద్రపఱచుకొనవలెను. టెయిల్స్ వారి స్వంత వెబ్‌సైటునుండి మాత్రమే దానిని దింపి, దింపినది అసలైనదో కాదో అదే పుటలో పరీక్షించి, పిదప పెన్‌డ్రైవున నెక్కింపవలెను. ఆపివేసియున్న కంప్యూటరునకు పెన్‌డ్రైవు తగిల్చి, ఆరంభమగునప్పుడు తగిన మీటను నొక్కి, పెన్‌డ్రైవునుండి లేచునట్లు చేయవలెను. మీట యేదియన్నది కంప్యూటరు తయారీదారును బట్టి మాఱుచుండును. 64 బిట్ల ప్రాసెసరు ఉండవలెను. 2025 సెప్టెంబరున వచ్చిన ఏడవ కూర్పునుండి 3 జీబీల ర్యామ్ అవసరము. ఫోనులపై ఇది నడువదు.

ఇట్లు లేచిన టెయిల్స్ ఆ కంప్యూటరు డిస్కుపై ఏమియు వ్రాయదు. బ్రౌజరు, ఉత్తరములు వ్రాయుటకు లిబర్‌ఆఫీసు, పాస్‌వర్డులు దాచుటకు తగిన ప్రోగ్రాము మున్నగు ఉపకరణములు అందే కలవు. పని ముగించి ఆపివేయునప్పుడు అది తాత్కాలిక మెమరీని సైతము తుడిచివేయును. విద్యుత్తు ఆగిన తోడనే అందలి విషయములు పోవును గదా, తుడుచుట యెందుకని మీరడుగవచ్చును. 2008లో అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ విషయములు తక్షణమే పోక కొన్ని సెకనులు, ఒక్కొక్కప్పుడు నిమిషములు సైతము నిలుచుననియు, మెమరీని చల్లబఱచినచో నింకను ఎక్కువసేపు నిలుచుననియు నిరూపించిరి. పలకపై తడిగుడ్డ వేసినను అక్షరపు చాయ కొంతసేపు కనబడును గదా! అట్టిదే ఇదియు. అందుకే ఈ జాగ్రత్త. పని నడుమ పెన్‌డ్రైవును లాగివేసినను సిస్టము తక్షణమే ఆగిపోవును.

దాచుకొనవలసినది ఏదైన నున్నచో, అదే పెన్‌డ్రైవుపై తాళము వేసిన యొక అఱను ఏర్పఱచుకొనవచ్చును. తాళపు మాట మఱచినచో ఆ అఱను మఱి తెఱచుట సాధ్యము కాదు.

మూడు కవరుల ఉత్తరము

టెయిల్స్ ఇంటర్నెట్‌తో నేరుగా మాటలాడదు. టోర్ అను దారి గుండ పోవును. దీనిని ఒక ఉదాహరణముతో చెప్పెదను. మీరొక ఉత్తరమును వ్రాసి, ఒకదానిలో నొకటిగా మూడు కవరులలో నుంచితిరనుకొనుడు. పై కవరు మల్లేశ్వరములోని స్నేహితునికి చేరును. అతడు దానిని విప్పి, లోపలి కవరుపైనున్న విలాసము చూచి చిక్కపేటలోని వానికి పంపును. అతడు రెండవది విప్పి హలసూరులోని వానికి పంపును. హలసూరువాడు మూడవది విప్పి ఉత్తరమును గమ్యమునకు చేర్చును. మల్లేశ్వరమువానికి పంపినవారు తెలియును గాని గమ్యము తెలియదు. హలసూరువానికి గమ్యము తెలియును గాని పంపినవారు తెలియరు. నడిమివానికి రెండును తెలియవు. ఉల్లిపాయ పొరలవలె నుండుటచే దీనికి ఆనియన్ రూటింగ్ అని పేరు. 1990వ దశకమున అమెరికా నావికాదళ పరిశోధనాలయమున ఈ భావము పుట్టెను. దానిని పెంపొందించుటకై 2006లో టోర్ ప్రాజెక్టు లాభాపేక్షలేని సంస్థగా నేర్పడెను.

దీనివలన కాని పనులు

ఉపకరణము గుణమును చెప్పి దోషమును దాచుట ఉపాధ్యాయునికి తగదు. టెయిల్స్‌లో కూర్చుండి మీ పేరుతో ఈ-మెయిలు తెఱచినచో, మీరెవరో ఆ ఈ-మెయిలు సంస్థకు తెలియనే తెలియును. మీరు పంపిన కాగితము చేరినచోట నిలుచును. దానిని టెయిల్స్ చెఱుపజాలదు. కంప్యూటరు మీటలపలకకు ఎవరైనను చాటుగా దొంగ పరికరము తగిల్చియుంచినచో, మీరు కొట్టు ప్రతి అక్షరము దానికి చిక్కును. మీకు ఇంటర్నెట్ ఇచ్చు సంస్థకు మీరు చూచు పుటలు తెలియకున్నను, టోర్ వాడుచున్నారని మాత్రము తెలియవచ్చును. టోర్ దారిన వచ్చు వారిని కొన్ని బ్యాంకులు, ప్రభుత్వ వెబ్‌సైటులు లోనికి రానీయవు. అట్టి దరఖాస్తుల కొఱకు టోర్ లేని డెబియన్ లైవ్ వంటి సాధారణ లైవ్ సిస్టమును వాడుకొనవచ్చును. అదియు సామాన్యముగా డిస్కును తాకదు గాని, టెయిల్స్‌లోని జాగ్రత్తలన్నియు దానిలో నుండవు.

మఱియు, ఇతరుల కంప్యూటరును యజమాని అనుమతి లేక ఇట్లు నడుపరాదు. మన పాఠశాల ప్రయోగశాలయందును ఉపాధ్యాయుని సమక్షముననే చేయవలెను.

చట్టమును, హక్కును

2011 నాటి సైబర్ కేఫ్ నియమముల ప్రకారము దుకాణదారుడు వచ్చినవారి గుఱుతింపు పత్రమును చూడవలెను. వారి వివరముల పుస్తకమును కనీసము ఒక సంవత్సరము భద్రపఱుపవలెను. టెయిల్స్ ఉన్నదని ఈ నియమమును తప్పించుకొనరాదు. ఉపకరణమును వాడుట నేరము కాదు. దానితో చేసిన నేరము నేరమే యగును.

అయినను మన వివరములను కాపాడుకొనుట మన హక్కు. ఈ హక్కును స్థిరపఱచిన వ్యాజ్యము మన నగరవాసిదే. కర్ణాటక ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా పనిచేసి విశ్రాంతి పొందిన కె. ఎస్. పుట్టస్వామి, 2012లో, తన ఎనుబదియాఱవ యేట, ఆధారు విషయమై సుప్రీంకోర్టు నాశ్రయించిరి. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా, గోప్యత రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పిరి. 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో ఆధారు చట్టములో పెక్కుభాగము నిలిచినను, బడిలో చేరుటకు పిల్లలకు ఆధారు తప్పనిసరి కాదని స్పష్టము చేయబడెను. పుట్టస్వామిగారు 2024 అక్టోబరులో ఈ నగరముననే కాలధర్మము నొందిరి. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు ప్రత్యేక చట్టము చేసెను. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల సమాచారమును వాడుకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని అందు విధింపబడినది.

ఒక తండ్రి ప్రశ్న

ఈ పాఠమును తరగతిలో చెప్పిన పిమ్మట ఒక విద్యార్థి తండ్రి వచ్చి, "అయ్యవారూ, పిల్లలకు దాచుట నేర్పుచున్నారా?" అని యడిగెను. ప్రశ్న న్యాయమైనదే. నేనిట్లు చెప్పితిని: "అయ్యా, మీ ఇంటి తలుపునకు గడియ కలదు. అది దొంగతనము చేయుటకు పెట్టినది కాదు గదా! ఒక బాలిక తన ఆరోగ్యమును గూర్చి వైద్యుని అడుగవలసిన ప్రశ్నను ఉమ్మడి కంప్యూటరుపై వ్రాసినచో, తరువాత కూర్చుండువాడు దానిని చదువకుండుటకే ఈ గడియ. పిల్లవాడు ఒంటరిగా వాడుటకు నేను దీనిని చెప్పలేదు. మీరు ప్రక్కన కూర్చుండి వానితో కలసి నేర్చుకొనుడు." ఆయన కొంతసేపు ఆలోచించి, "అయితే ముందు నాకు నేర్పుడు" అనెను. తరువాతి శనివారమున ఆయన తన కుమారునితో వచ్చి కూర్చుండెను. ఇతర తల్లిదండ్రులును రావచ్చును.

పెన్‌డ్రైవు లేనివారు కనీసము ఈ నియమములు పాటింపుడు. దుకాణమున బ్రౌజరు యొక్క ప్రైవేటు కిటికీ తెఱచి పని చేయుడు. అయినను దింపిన ఫైలులను అది చెఱుపదని మఱువకుడు. పని ముగియగానే ఖాతానుండి బయటికి రండు. ఆధారు అడిగినచోట, అంగీకరించినచో, నాలుగంకెల ప్రతినే ఇండు. ఓటీపీని మీరే చదివి మీరే కొట్టుడు. చదువ రానియెడల మీ బిడ్డను వెంట తీసికొనిపొండు. ఇట్టి సమయములందు అక్కఱకు వచ్చుటకే వాడు కన్నడమును ఆంగ్లమును నేర్చుచున్నాడు.

హైదరాబాదున స్వేచ్ఛ యను సంస్థ తెలుగున పలుకు ఆపరేటింగ్ సిస్టమును, బడిపిల్లల కొఱకు బాలస్వేచ్ఛను రూపొందించినది. కంప్యూటరు విద్య పరభాషలదే యని మనము వెనుకంజ వేయ నక్కఱలేదు. ఆ రాత్రి నాకు ఫోను చేసిన అపరిచితునికి నేను ఋణపడియున్నాను. ఈ పాఠము ఆ ఋణములో కొంత భాగము.

అభ్యాసము

1. ఫైలును తీసివేసిన పిదపను డిస్కుపై విషయము నిలుచుటకు కారణమేమి?
2. తాత్కాలిక మెమరీకిని, శాశ్వత నిల్వకును గల భేదమును మీ సొంత ఉదాహరణముతో వివరింపుడు.
3. మూడు కవరుల ఉదాహరణములో నడిమివానికి ఏమేమి తెలియవు? ఎందుచేత?
4. టెయిల్స్ వాడినను రహస్యము బయటపడు సందర్భములు మూడింటిని వ్రాయుడు.
5. మీ ఇంటివారు గత సంవత్సరమున ఏయే కాగితములను బయటి కంప్యూటర్లలో వాడిరో అడిగి తెలిసికొని, ఒక పట్టిక తయారు చేయుడు. ఆ పట్టికను మాత్రము ఎవరికిని చూపవలదు, నాకును చూపవలదు.